కరెంటు పోయాక గ్యారేజీ తలుపు: ఎర్ర తాడు మేలా, బ్యాటరీ మేలా?

అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామంది వీధి తలుపు తీసేది సత్యనారాయణ వ్రతానికి చుట్టాలు వచ్చినప్పుడో, గుమ్మంలో పెట్టి వెళ్ళిన పార్సిల్ లోపలికి తెచ్చుకోవడానికో. మిగతా రాకపోకలన్నీ గ్యారేజీలోంచే. ఆ తలుపును తెరిచి మూసేది కరెంటు మోటారు, దాన్నే ఓపెనర్ అంటారు. కరెంటు పోతే కారు లోపల, మనం బయట. లేదంటే కారూ మనమూ లోపలే, అవతల ఆఫీసుకు టైమవుతుంటుంది.

టెక్సాస్‌లో ఉండేవాళ్ళకు ఇది కొత్త కష్టం కాదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు లక్షల ఇళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. 2024 జూలై 8న బెరిల్ తుపాను వచ్చినప్పుడు ఒక్క హ్యూస్టన్ ప్రాంతంలోనే 20 లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి. మన దగ్గరైతే ఇన్వర్టర్ లేని ఇల్లు వెతకాలి. ఇక్కడ ఇన్వర్టర్ ఉన్న ఇల్లు వెతకాలి.

పైసా ఖర్చు లేని దారి ఎర్ర తాడు. మోటారు నుంచి తలుపు దాకా ఉన్న పట్టాకు చిన్న ఎర్ర పిడితో వేలాడుతుంటుంది. దాన్ని కిందికి లాగితే టప్పుమని చప్పుడొచ్చి తలుపుకీ మోటారుకీ ఉన్న లంకె ఊడుతుంది. ఆ తర్వాత తలుపును చేత్తో ఎత్తుకోవచ్చు. రెండు కార్లు పట్టే తలుపు 70 నుంచి 100 కిలోల దాకా ఉన్నా, పైనున్న స్ప్రింగులు బాగుంటే ఒంటి చేత్తో లేస్తుంది. బరువు మోసేది ఆ స్ప్రింగే, మోటారు కేవలం తోస్తుంది.

మెలిక కూడా అక్కడే ఉంది. మామూలు స్ప్రింగును 10,000 సార్లు తెరిచి మూసేందుకు లెక్కగట్టి చేస్తారు. రోజుకు నాలుగుసార్లు వాడితే ఏడేళ్ళలోపే ఆ లెక్క పూర్తవుతుంది. స్ప్రింగు తెగిన తలుపు సగం పైకి లేచి ఉన్నప్పుడు తాడు లాగితే మొత్తం బరువు ఒక్కసారిగా కింద పడుతుంది. అందుకే వీలైనంతవరకు తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే తాడు లాగాలి. లాగే ముందు తలుపు పైనున్న స్ప్రింగును ఒకసారి చూడండి. చుట్టల మధ్య రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ కనిపిస్తే తాడు ముట్టుకోకుండా మెకానిక్‌ను పిలవడమే. స్ప్రింగు పని సొంతంగా చేసుకునేది కాదు, యూట్యూబ్‌లో ఎంత తేలిగ్గా చూపించినా సరే.

కరెంటు ఉన్న రోజే ఈ పరీక్ష చేసి పెట్టుకుంటే మంచిది. తలుపు మూసి, తాడు లాగి, నడుము ఎత్తు వరకు లేపి, చేతులు దగ్గరే ఉంచి మెల్లగా వదలండి. ఉన్నచోటే నిలిస్తే స్ప్రింగు బాగున్నట్టు. కిందికి జారితే దానికి పనిపడినట్టే.

తాడు లాగిన తలుపుకు తాళం ఉండదన్న సంగతి చాలామంది మరిచిపోతారు. బయట నుంచి ఎవరైనా ఎత్తొచ్చు. రాత్రంతా కరెంటు రాకపోతే లోపలి గడియ వేసుకోవాల్సిందే. కానీ కరెంటు వచ్చాక ఆ గడియ తీయకుండా బటన్ నొక్కితే మోటారు ఒకవైపు, గడియ ఒకవైపు లాగి పై రేకు వంగిపోతుంది. గడియ వేసేటప్పుడే మోటారు ప్లగ్ పీకేస్తే ఆ గొడవ ఉండదు.

ఇక బ్యాటరీ. డీసీ మోటారుతో వచ్చే కొత్త మోడళ్ళలో ఇది లోపలే ఉంటుంది, మన స్కూటర్ బ్యాటరీ బాపతు 12 వోల్టులది. కరెంటు పోయినా రిమోట్ మామూలుగానే పనిచేస్తుంది, తలుపు కాస్త నెమ్మదిగా కదులుతుంది, అంతే. 2017లో కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో కరెంటు పోయి, గ్యారేజీ తలుపు తెరవలేక కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే ఆ రాష్ట్రం 2019 జూలై 1 నుంచి ఇళ్ళకు అమ్మే, బిగించే ప్రతి ఓపెనర్‌కూ బ్యాటరీ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది.

బ్యాటరీతో వచ్చే చిక్కల్లా అది ముసలిదవడమే. టెక్సాస్ ఎండకు గ్యారేజీ పెనంలా కాగుతుంది, ఆ వేడికి రెండు మూడేళ్ళలోనే నీరసిస్తుంది. అప్పుడు ఓపెనర్ ఉండుండి కీచుమంటుంది. చాలామంది విసుగెత్తి బ్యాటరీ వైరు పీకేసి, ఆ సంగతి తుపాను రోజున గుర్తు చేసుకుంటారు.

ఏది మేలంటే నా లెక్క ఇదీ. ఇంట్లో ఒంట్లో సత్తువున్నవాళ్ళుండి, గ్యారేజీలోకి వెళ్ళడానికి ఇంకో తలుపు ఉంటే తాడు చాలు. బ్యాటరీకి పెట్టే డబ్బు స్ప్రింగు మీద పెట్టండి. అదే ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి, పగలంతా వాళ్ళే ఇంట్లో ఉంటుంటే మాత్రం బ్యాటరీయే. స్టెంట్ వేసుకున్న నాన్నగారిని స్టూలెక్కి తాడు లాగి తలుపెత్తమనలేం కదా. ఇంటికి ఆనుకోకుండా గ్యారేజీ విడిగా ఉండి, లోపలికి వేరే దారి లేకపోతే తాడు ఉన్నా ఉపయోగం లేదు, అది లోపలుంటుంది. అలాంటి చోట బయట నుంచి తాళంచెవితో తాడు లాగే చిన్న కిట్ దొరుకుతుంది. బ్యాటరీ ఉన్నా సరే, అది కూడా పెట్టించుకోవాలి.

జనరేటర్‌కు తగిలిస్తే పోదా అంటారు కొందరు. ఇంట్లో అప్పటికే ఉంటే సరే, దీనికోసం కొనక్కర్లేదు. గ్యారేజీలో మాత్రం నడపొద్దు, తలుపు బార్లా తెరిచినా సరే. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు, ప్రాణం తీస్తుంది.

కరెంటు వచ్చాకా తలుపు కదలకపోతే ఇంకో మీమాంస. ఉన్నదాన్ని సరిచూసుకోవాలా, మెమరీ మొత్తం చెరిపేసి మొదటి నుంచి సెట్ చేయాలా? సరిచూసుకోవడమే మేలు. ఓపెనర్‌కు అసలు కరెంటే అందకపోతే గ్యారేజీ గోడ మీద టెస్ట్, రీసెట్ బటన్లున్న ప్లగ్ పాయింట్ ట్రిప్ అయిందేమో చూడండి. కొన్ని ఇళ్ళలో ఆ రీసెట్ బటన్ ఎక్కడో అలమరా వెనక దాక్కుని ఉంటుంది. మోటారు తిరుగుతూ తలుపు కదలకపోతే లంకె ఇంకా ఊడే ఉందన్నమాట. చేంబర్లిన్, లిఫ్ట్‌మాస్టర్ మోడళ్ళలో తాడును మోటారు వైపు లాగితే లంకె ఊడిపోయే ఉంటుంది. ఈసారి నిటారుగా కిందికి లాగి బటన్ నొక్కితే మళ్ళీ దానంతటదే తగులుకుంటుంది. గోడ బటన్ పనిచేస్తూ రిమోట్ చేయకపోతే గోడ ప్యానెల్ మీద లాక్ పడి ఉండొచ్చు, ఆ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. తలుపు తెరుచుకుంటూ మూసుకోకపోతే కింద ఇరువైపులా ఉన్న సెన్సార్లలో ఒకటి పక్కకు తిరిగి ఉంటుంది. చీకట్లో సామాన్లు జరిపేటప్పుడు కాలు తగిలేది దానికే. అప్పటికి గోడ బటన్ నొక్కి పట్టుకుంటే తలుపు మూసుకుంటుంది, తర్వాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు.

రిమోట్ కోడ్లు కరెంటు పోయినంత మాత్రాన పోవు. అందుకే లెర్న్ బటన్ జోలికి చివరికే వెళ్ళాలి. దాన్ని ఒకసారి నొక్కి వదిలితే కొత్త రిమోట్ నేర్చుకుంటుంది, ఆరేడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఉన్నవన్నీ మరిచిపోతుంది. అప్పుడు రెండు కార్ల రిమోట్లూ, బయటి కీప్యాడూ అన్నీ మళ్ళీ నేర్పించాలి.

ఇవన్నీ చూశాకా ఓపెనర్ మూగగా ఉంటే, కరెంటు తిరిగి వచ్చేటప్పటి వోల్టేజీ పోటుకు లోపలి బోర్డు కాలిపోయి ఉండొచ్చు. ఓపెనర్ కొని నాలుగైదేళ్ళే అయితే బోర్డు మార్పించుకోవడం లాభం, ఒక చిన్న సర్జ్ ప్రొటెక్టర్ కూడా తగిలించుకోండి. పదిహేనేళ్ళు దాటిన మోటారైతే బోర్డు మీద డబ్బు పోయకండి. 1993కు ముందుదై సెన్సార్లే లేకపోతే ఇక ఆలోచించే పనే లేదు, పిల్లలున్న ఇంట్లో దాన్ని ఉంచకూడదు. కొత్తది బిగించే రోజునే బ్యాటరీ ఉన్న మోడల్ అడగండి. తర్వాత విడిగా పెట్టించుకుందామంటే చాలా మోటార్లకు అది కుదరదు.