ఏడాదిన్నర సోలార్: పాత బొగ్గు ఉద్యోగి లెక్క

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఇరవై తొమ్మిదేళ్ళు బొగ్గు దింపించే పని చేసి రిటైరయ్యానండి. అమలాపురం దగ్గర సొంతూరొచ్చి, డాబా మీద 540 వాట్ల ప్లేట్లు ఆరు పెట్టించాను. ఖర్చు రెండు లక్షలకి ఐదువేలు తక్కువైంది. కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకం సబ్సిడీ 78 వేలు ఖాతాలో పడింది. ఎలా ఉందని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, అందుకే ఈ రాత.

ప్లేట్లకి వంక పెట్టలేను. ఏప్రిల్లో రోజుకి పద్నాలుగు యూనిట్లు చూశాను, శ్రావణం ముసురులో నాలుగైదుకి దిగింది. సగటు పన్నెండుకి కాస్త తక్కువ. కొబ్బరిచెట్టు నీడ ఒక్క ప్లేటు మీద పడినా, దాంతో కలిపి కట్టినవి కూడా మందగిస్తాయి. పడమటి వైపు చెట్టు కొట్టెయ్యమన్నాడు పెట్టినతను. కాపు చెట్టుని ఎవరైనా కొడతారా? స్టాండుని రెండడుగులు తూర్పుకి జరిపించాను. ఇంకోటి, ఊళ్ళో రైసుమిల్లు ఊక బూడిద ప్లేట్ల మీద నల్లగా పేరుకుంటుంది. నెలకి రెండుసార్లు పొద్దున్నే తడిగుడ్డతో తుడుస్తాను. “అక్కడ వదిలొచ్చిన బూడిద ఇక్కడికీ వచ్చిందా?” అంటుంది మా ఆవిడ.

సంక్రాంతికి మేనల్లుడొచ్చి పెద్ద మెలికే పెట్టాడు. “మామయ్యా, ఈ ప్లేట్లు చెయ్యడానికి కాల్చిన బొగ్గు మాటేంటి?”

న్యాయమైన మాటే. పలుగురాయిని కొలిమిలో కరిగించి సిలికాన్ తియ్యాలి, దాన్ని శుద్ధి చెయ్యాలి, పైన అద్దం, చుట్టూ అల్యూమినియం. ఎక్కువగా చైనాలో చేస్తారు, అక్కడా బొగ్గు కరెంటే ఎక్కువ. కాకపోతే ఆ పొగ దాదాపు అంతా మొదట్లోనే వచ్చేస్తుంది. మా ప్లాంటులో అలా కాదు. యూనిట్‌కి దగ్గర దగ్గర 700 గ్రాముల బొగ్గు మండాలి, రేపటి యూనిట్‌కి మళ్ళీ 700. వ్యాగన్లు ఆగితే ప్లాంటు ఆగినట్టే.

గని దగ్గర్నుంచి పాత సామాను పారేసేదాకా అన్నీ కలిపిన లెక్క ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2014 నివేదికలో ఉంది. యూనిట్‌కి గాలిలో కలిసే పొగ, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో, బొగ్గుది 820 గ్రాములు, ఇంటి కప్పు మీది సోలార్‌ది 41. మధ్యస్థ విలువలివి. అప్పటికప్పుడు కాలెండరు వెనక లెక్క వేశాను. పాతికేళ్ళలో నా ప్లేట్లు లక్ష యూనిట్లిస్తే 4.1 టన్నులు, అదే కరెంటు బొగ్గుతో తీస్తే 82 టన్నులు. బొగ్గు కరెంటు బదులే వాడామనుకుంటే ఆ నాలుగు టన్నుల అప్పు ఏడాదీ రెండుమూడు నెలల్లో తీరిపోతుంది. గ్రిడ్‌లో నీటి కరెంటూ గాలి కరెంటూ కూడా ఉంటాయి కాబట్టి ఇంకొంచెం పట్టొచ్చు. మావాడు ఫోన్లో గుణించి చూసుకుని, “సరే, అరిసెలు పెట్టు” అన్నాడు.

ఇక పెట్టిన కంపెనీ సంగతి. పేరు రాయను. లైను పోతే ఈ సోలారూ ఆగిపోతుందని మాటమాత్రం చెప్పలేదు. లైన్‌మ్యాన్ స్తంభమెక్కినప్పుడు మన కరెంటు ఎదురెళ్ళి కొట్టకూడదు కాబట్టి అలా కట్ చేస్తారు, మంచి ఏర్పాటే. బ్యాటరీ లేకపోతే అంతేనన్న సంగతి ముందు చెప్పాలి కదా! మొంథా తుపాను వెళ్ళాక ఎండ కాస్తూనే ఉంది, డాబా మీద మూడు కిలోవాట్లున్నాయి, కింద మేం విసనకర్ర ఊపుకుంటున్నాం.

సముద్రపు గాలి తగిలే ఊరికి మామూలు ఇనుప బోల్టులు వేసి వెళ్ళారు. ఆరు నెలలకే తుప్పు కారి స్లాబు మీద ఎర్రచారలు. ఫోన్ చేస్తే “రేపొస్తాం సార్”. ఆ రేపు నాలుగు నెలలైంది. చివరికి స్టీలు బోల్టులు నేనే కొనుక్కుని, స్పానరు పట్టుకుని పైకెక్కి బిగించుకున్నాను. 640 రూపాయలు. ఆ బిల్లు వాళ్ళ వాట్సాప్‌కి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి.