ఆ హారర్ ఆడియో డ్రామా రెండో సిరీస్ సీజన్ పాస్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాస్తే పోనీలే అని సగం విషయాలు వదిలేస్తాను, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. సీజన్ పాస్ కొందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి.

ఏ సిరీసో పేరు చెప్పక్కర్లేదు. రాత్రి డ్యూటీ వాచ్‌మన్, జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన బిల్డింగ్, తాళం వేసిన ఫ్లాట్ నుంచి మోగే ఇంటర్‌కామ్. ఇంత చెబితే మొదటి సిరీస్ విన్నవాళ్లందరికీ అర్థమైపోతుంది. అది ఉచితంగా వచ్చింది. విన్న ప్రతివాళ్లూ ఇంకో నలుగురికి చెప్పారు, అలా పెరిగింది. రెండో సిరీస్‌కి వచ్చేసరికి యాప్‌లో డబ్బు కట్టి పాస్ తీసుకోవాలన్నారు. తీసుకున్నాను. అందులో నాకు ఏ బాధా లేదు. నటులకు, సౌండ్ చేసేవాళ్లకు, రాసేవాళ్లకు డబ్బు రావాలి.

పేజీలో ఇచ్చిన మాటలు నాలుగు. పది ఎపిసోడ్లు. పూర్తి కథ. యాడ్స్ ఉండవు. హెడ్‌ఫోన్స్ కోసం బైనారల్ రికార్డింగ్. వీటిలో మొదటిది ఒక్కటే నిలబెట్టుకున్నారు.

ముందు పదో ఎపిసోడ్ సంగతి చెప్పనివ్వండి. నా కడుపు మండింది అక్కడే.

మొదటి సిరీస్ మొదటి ఎపిసోడ్ నుంచి మనమంతా ఒకే ప్రశ్న పట్టుకుని వింటున్నాం. ఆ ఫ్లాట్‌లోంచి ఫోన్ చేస్తున్నది ఎవరు? రెండో సిరీస్ మొత్తం దాని చుట్టూనే తిప్పారు. పదో ఎపిసోడ్‌లో వాచ్‌మన్ ఇక తేల్చుకోవాలని మెట్లెక్కుతాడు. లిఫ్ట్ ఆగిపోయి ఉంటుంది. ఒక్కో అంతస్తు చేరగానే ఎక్కడో ఇంటర్‌కామ్ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. అతని ఆయాసం పెరుగుతూ ఉంటుంది. ఆ సీన్ బాగా చేశారు, కాదనను. తలుపు దగ్గరికి వచ్చి గుత్తిలోని తాళంచెవులు ఒక్కొక్కటీ పెట్టి చూస్తాడు. ఒకటి తిరగదు, ఇంకోటి తిరగదు, మూడోది తిరుగుతుంది. గడియ జరుగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. కాసేపు ఏమీ వినబడదు. తర్వాత అతను "నువ్వా?" అంటాడు.

అక్కడితో కట్. ఆ "నువ్వా?" ఇంకా చెవిలో ఉండగానే హుషారైన గొంతు ఒకటి ఊడిపడింది. "లోపల ఎవరున్నారో తెలుసుకోవాలనుందా? స్పెషల్ ఫైనల్ ఎపిసోడ్ ఇప్పుడే అన్‌లాక్ చేసుకోండి!" స్క్రీన్ మీద పేమెంట్ బటన్. సీజన్ పాస్ ఉన్నవాళ్లకు డిస్కౌంట్ అని దాని కింద రాశారు.

యాప్ పొరపాటున లాగౌట్ అయిందేమో అనుకుని అకౌంట్‌లోకి వెళ్లి చూశాను. పాస్ యాక్టివ్‌గానే ఉంది. పది ఎపిసోడ్లకూ టిక్ పడి ఉంది. అంటే వాళ్ల లెక్కలో నేను కొన్నదంతా నాకు అందిపోయింది.

తర్వాతి సిరీస్ కోసం ఒక ముడి మిగల్చడం ఎప్పటి నుంచో ఉన్నదే. మొదటి సిరీస్ కూడా అలాగే ముగిసింది, దాని మీద నెలల తరబడి ఎన్ని ఊహలు చేసుకున్నామో మీకు తెలుసు. అప్పుడు ఎవరూ మోసపోయామనుకోలేదు, ఎందుకంటే తర్వాతి భాగం అప్పటికింకా పుట్టలేదు. ఇక్కడ జరిగింది అది కాదు. "నువ్వా?" తర్వాత వచ్చే మాట రాసేశారు, రికార్డ్ చేసేశారు, మిక్స్ చేసేశారు. పదో ఎపిసోడ్ ముగిసిన నిమిషానికే అమ్మకానికి పెట్టారంటే, పూర్తి కథ అని చెప్పి పాస్ అమ్మిన రోజుకే దాన్ని ఎక్కడ కోయాలో వాళ్లకు తెలుసన్నమాట. పుస్తకం అమ్మి చివరి పేజీ చింపి దగ్గర పెట్టుకున్నట్టుంది ఇది. రెండేళ్లుగా ఆ పాత్రలను సొంతవాళ్లలా తలుచుకున్న శ్రోతలతో ఇలా చేయడానికి మనసెలా ఒప్పిందో నాకు అర్థం కావడం లేదు.

ఇక శబ్దం సంగతి. ఆడియో హారర్‌లో దెయ్యం కంటికి కనబడదు, ఉన్నదంతా చప్పుడే. 1940లలో అమెరికా రేడియోలో ఒక హారర్ కార్యక్రమం కిర్రుమని తెరుచుకునే తలుపుతో మొదలయ్యేది, ఆ కిర్రు చప్పుడే దానికి గుర్తయిపోయింది. మన సిరీస్‌కి అలాంటి గుర్తు ఊపిరి. ఇంటర్‌కామ్ ఎత్తగానే అవతల మాట కంటే ముందు ఊపిరి వినబడేది. మొదటి సిరీస్‌లో అది ప్రతిసారీ వేరుగా ఉండేది. ఒకసారి పరిగెత్తి వచ్చి ఆగినట్టు, ఒకసారి ఏడుపు దిగమింగినట్టు, ఒకసారి నవ్వు ఆపుకుంటున్నట్టు. ఒక్క అక్షరం పలక్కుండానే ఈ రోజు అవతలి మనిషి మూడ్ ఏమిటో తెలిసిపోయేది.

రెండో సిరీస్‌లో ఊపిరి మొత్తం ఒకే ఒక్క ఫైలు. దాని చివర్లో నాలుక అంగిలికి తగిలినట్టు చిన్న టక్ ఒకటి ఉంటుంది, చెవి పెట్టి వినండి. రెండో ఎపిసోడ్‌లో ఆ టక్ ఉంది. ఐదులో ఉంది. ఎనిమిదిలో కూడా, ఊపిరి ముగిసే అదే చోట, అదే గట్టిదనంతో ఉంది. బతికున్న మనిషి ఎవరూ రెండుసార్లు అచ్చం ఒకేలా ఊపిరి తీయరు. ఒకసారి అది చెవిన పడ్డాక ఇంక భయం ఎక్కడిది? ఫోన్ మోగితే వెన్ను జలదరించాల్సింది పోయి, నేను ఆ టక్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

బైనారల్ అన్న మాటైతే పచ్చి అబద్ధం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఈ పద్ధతిలో మనిషి తల ఆకారంలో ఉన్న బొమ్మకు రెండు చెవుల్లోనూ మైకులు పెట్టి రికార్డ్ చేస్తారు. ఎడమ పక్క చప్పుడు ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త మెల్లగా చేరుతుంది. ఆ ఆలస్యం ఒక మిల్లీసెకన్ కూడా ఉండదు. అయినా చప్పుడు ఎటు నుంచి వస్తోందో మెదడు ఇట్టే పట్టేస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు మన వెనకే ఎవరో నిలబడ్డట్టు అనిపించేది అందుకే. మొదటి సిరీస్‌లో కారిడార్ అడుగులు కుడి భుజం వెనక నుంచి వచ్చి ఎడమ చెవి పక్కన ఆగేవి. రెండో సిరీస్‌లో అడుగులు, తలుపులు, గొంతులు అన్నీ తల మధ్యలోనే కూర్చున్నాయి. ఒక చెవితో విన్నా, రెండో చెవితో విన్నా తేడా లేదు. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో, అంటే రెండు చెవులకూ ఒకే చప్పుడు పంపే సెట్టింగ్, ఆన్ అయి ఉందేమోనని అదీ చూశాను, ఆఫ్‌లోనే ఉంది. అదే ఫోన్‌లో, అవే హెడ్‌ఫోన్స్‌తో మొదటి సిరీస్ పెడితే అడుగులు మళ్లీ వెనక నుంచే వచ్చాయి.

యాడ్స్ లేవన్నారు కదా. వాళ్ల సొంత కొత్త షోల ప్రకటనలు యాడ్స్ కిందికి రావట. అవి ఎక్కడ పెట్టారనుకున్నారు? సరిగ్గా గుసగుసల దగ్గర. గుసగుస వినబడాలని మనం వాల్యూమ్ పెంచుకుని ఉంటాం. పాడ్‌కాస్ట్‌ల సగటు గట్టిదనం -16 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి చప్పుడు ఎంత గట్టిగా అనిపిస్తుందో కొలిచే కొలమానం) దగ్గర ఉంచమని యాపిల్ సూచిస్తుంది, కానీ అది ఎపిసోడ్ మొత్తం మీద తీసే సగటు. గుసగుసలు దానికి బాగా కింద ఉంటాయి, ప్రకటన మాత్రం మొదటి మాట నుంచే గట్టిగా ఉంటుంది. అర్ధరాత్రి చెవిలో ఎవరో అరిచినట్టయింది. ఆ ఉలికిపాటుకి కథతో ఏ సంబంధమూ లేదు.

సపోర్ట్‌కి మర్యాదగానే రాశాను. స్క్రీన్‌షాట్లు పెట్టాను, ఊపిరి ఏయే నిమిషాల్లో వస్తుందో రాశాను, పూర్తి కథ అన్న వాక్యం చుట్టూ గీత గీసి పంపాను. హెడ్‌ఫోన్స్ మార్చి చూడమని మొదటి జవాబు. నేను అడిగింది పదో ఎపిసోడ్ గురించి అని మళ్లీ రాస్తే వచ్చిన జవాబు ఇది: "పది ఎపిసోడ్లు అన్నాం, పది ఇచ్చాం. కథ పూర్తయిందా లేదా అన్నది మీ అభిప్రాయం. అభిప్రాయాలకు రీఫండ్ ఉండదు."

తలుపు తీసినవాడు ఎవర్ని చూశాడో చెప్పకపోవడం అభిప్రాయం ఎలా అవుతుంది? అదే అడిగాను. దానికి, "మొదటి సిరీస్‌కి మీరేమీ కట్టలేదు కదా, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి" అన్నారు. చదవగానే ఒళ్లు మండిపోయింది. ఆ ఉచిత శ్రోతలే కదా ఈ సిరీస్‌ని భుజాన వేసుకుని మోసింది? అప్పుడు వాళ్లకు ప్రచారానికి డబ్బు లేదు. మనం చెప్పబట్టి, మనం పంచబట్టి పదిమందికీ తెలిసింది. ఇప్పుడు మనల్నే బాకీదారుల్లా చూస్తున్నారు.

రీఫండ్ విషయంలో ఒక ముఖ్యమైన సంగతి, దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. గూగుల్ ప్లే ద్వారా కొన్నవాటికి 48 గంటల్లోపు అయితే గూగుల్‌నే రీఫండ్ అడగొచ్చు. అది దాటితే యాప్ తయారుచేసినవాళ్లనే అడగమంటుంది. ఈ పాస్‌ని ముందుగా అమ్మారు, ఎపిసోడ్లు మాత్రం వారానికి ఒకటి చొప్పున వదిలారు. మోసం బయటపడేది పదో వారంలో. అప్పటికి 48 గంటల గడువు ఎప్పుడో ముగిసిపోయింది. మన డబ్బు ఎవరి దగ్గరుందో వాళ్ల దయ మీదే ఆధారపడాలి, వాళ్ల దయ ఎలా ఉంటుందో పైన చూశారు.

మరి అంత బాగాలేకపోతే పేజీలో అన్ని స్టార్లు ఎందుకున్నాయని మీరు అడగొచ్చు. ఆ స్టార్లు రెండో సిరీస్‌వి కావు. రెండు సిరీస్‌లకూ ఒకటే పేజీ. యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో కూడా రేటింగ్ షో మొత్తానికే ఉంటుంది, సీజన్‌కి విడిగా ఉండదు. మొదటి సిరీస్‌కి మనం మనసారా ఇచ్చిన ఐదు స్టార్లే ఇప్పుడు రెండో సిరీస్ పేరు కింద మెరుస్తున్నాయి. నేను ఆనాడు రాసిన మెచ్చుకోలు రివ్యూ కూడా పైన కనబడుతోంది. అది చూసి ఎవరైనా పాస్ కొంటారేమోనని వెళ్లి దాన్ని మార్చాను. మీరూ రాసి ఉంటే దయచేసి మార్చండి, కనీసం ఏ సిరీస్ గురించి రాశారో పైన చేర్చండి.

రెండో సిరీస్ నచ్చినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల మాట కొట్టిపారేయను. వాచ్‌మన్‌కి ఈసారి ఒక గతం ఇచ్చారని, అందువల్ల అతని భయం ఇంకా దగ్గరగా అనిపించిందని అంటున్నారు. అది నిజమే. నాలుగో ఎపిసోడ్‌లో అతను టార్చ్ ఆర్పేసి, చీకట్లో ఇంటర్‌కామ్‌లో తన కూతురి గురించి మాట్లాడే సీన్ ఈ సిరీస్ మొత్తంలోనే గొప్పది. ఆ నటుడు ప్రాణం పెట్టాడు. అతని గొంతు వణికే చోట అవతలి ఊపిరి కూడా మారి ఉంటే ఆ సీన్ ఏ స్థాయికి వెళ్లేదో. కానీ అక్కడా ఆ పాత ఫైలే పెట్టారు, అదే టక్. అతను అంత చేస్తే ఇవతలివాళ్లు ఒక్క కొత్త ఊపిరి రికార్డ్ చేయలేకపోయారు. నా కోపం నటుల మీద కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

స్పెషల్ ఎపిసోడ్ కొన్నవాళ్లు అందులో ఏముందో నాకు చెప్పబోయారు, వద్దన్నాను. ఇలా అమ్మినంత కాలం ఆ జవాబు నాకు అక్కర్లేదు.

కొనాలనే ఉంటే పాస్ తీసుకోకండి, ఎపిసోడ్లు విడిగా కొనుక్కోండి, అన్నీ విడుదలయ్యాకే కొనండి. రివ్యూలను తేదీల వారీగా పెట్టి కొత్తవి చదవండి. కొనే ముందు పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఈ చివరి మాట ఎందుకంటే, ఇది రాసే ముందు పేజీ మళ్లీ తెరిచి చూశాను. "పూర్తి కథ" అన్న మాట తీసేశారు, ఆ చోట "కొత్త కథ" అని ఉంది. పాత మాట ఉన్నప్పుడు కొన్నవాళ్లకు వచ్చిన రసీదు మెయిల్‌లో ఆ పాత వివరణ అలాగే ఉంది, నా దాంట్లో ఉంది. మీ ఇన్‌బాక్స్ వెతికి చూడండి, దొరికితే డిలీట్ చేయకండి. రీఫండ్ అడిగేటప్పుడు, బ్యాంకులో ఆ చెల్లింపు మీద అభ్యంతరం పెట్టేటప్పుడు ఆ మెయిల్‌నే జత చేయండి. నేను నిన్న రాత్రి బ్యాంకుకి అదే పంపాను.