రెండెకరాల సోలార్ ఫెన్సింగ్ కిట్: దుప్పి ఆగాలి, చావకూడదు

బన్నేరుఘట్ట అడవి అంచున, ఆనేకల్, కనకపుర రోడ్డు వైపు రాగి, అలసంద, టమాటా వేసే మనవాళ్లకు చుక్కల దుప్పుల బెడద కొత్త కాదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కూర్చి అమ్మే 'రెండెకరాల కిట్' గురించి ముందే చెప్పేస్తాం: మిషన్ కొనదగ్గదే, కిట్ మాత్రం సగమే. మిషన్‌కు ఐదుకి నాలుగు, కిట్‌కు రెండున్నర.

పెట్టెలో వచ్చేవి 12 వోల్టుల ఎనర్జైజర్ (కంచెకు షాక్ ఇచ్చే మిషన్ ఇదే), 26 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ, 20 వాట్ల ప్యానెల్, మూడడుగుల ఎర్తింగ్ రాడ్డు ఒకటి, 100 ఇన్సులేటర్లు, సైరన్. ఇప్పుడు లెక్క చూడండి. చదరంగా ఉన్న రెండెకరాల చుట్టుకొలత దాదాపు 360 మీటర్లు. ఐదు వరసలకు 1,800 మీటర్ల వైరు కావాలి. 2.5 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) వైరైతే సుమారు 70 కిలోలు. 15 అడుగులకో కూసం (కంచె స్తంభం) నాటితే 80 కూసాలు, 400 ఇన్సులేటర్లు. మూలలకు వేరే.

షాపులో మీటరు పెట్టి '10,000 వోల్టులండీ' అని చూపిస్తారు. వైరు తగిలించని మిషన్ మీద ఆ అంకెకు విలువ లేదు. వైరంతా లాగాక, కంచె చివరి కొసన 5,000కు తగ్గకూడదు. దుప్పి ఒంటి మీది పొడి వెంట్రుక కరెంటును సరిగ్గా పోనివ్వదు, తడి ముక్కు తగిలితేనే దెబ్బ తెలుస్తుంది. కంచె మిషన్ల అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ఐఈసీ 60335-2-76 ప్రకారం దెబ్బకూ దెబ్బకూ మధ్య కనీసం 1 సెకను ఉండాలి, 500 ఓమ్‌ల లోడ్ మీద ఒక్కో దెబ్బ శక్తి 5 జూల్స్ దాటకూడదు. ఆ విరామంలోనే జంతువైనా మనిషైనా వైరు వదిలించుకునేది. మెయిన్ లైను నుంచి నేరుగా కంచెకు కరెంటు ఇస్తే ఆ విరామం ఉండదు. అది నేరం, హత్యతో సమానం.

ప్యానెల్ దగ్గర కిట్ తేలిపోతుంది. మిషన్ 0.3 ఆంపియర్లు తీసుకుంటే రోజుకు 7.2 ఏహెచ్. 20 వాట్ల ప్యానెల్ నాలుగు గంటల మంచి ఎండలో ఇచ్చేది 6.7, అదీ నష్టాలు తీయకముందు. సెప్టెంబరు, అక్టోబరు ముసురులో బ్యాటరీ పడిపోతుంది. రాగి వెన్ను తీసేదీ అప్పుడే. 40 వాట్లది అడిగి తీసుకోండి, దక్షిణం వైపు 13 డిగ్రీల వాలుతో బిగించండి.

ఎక్కువమంది పొరబడేది ఎర్తింగ్‌లో. ఒక్క రాడ్డు చాలదు. ఆరడుగుల రాడ్లు మూడు, పదేసి అడుగుల దూరంలో, ఇంటి ఎర్తింగ్‌కు కనీసం 33 అడుగుల అవతల దింపాలి. పరీక్ష తేలిక: మిషన్‌కు 100 మీటర్ల దూరంలో ఇనుప రాడ్డు నేలకు గుచ్చి కరెంటు వైరుకు ఆనించి, కంచె వోల్టేజీని 2,000 కిందికి దించండి. అప్పుడు ఎర్తింగ్ రాడ్డు మీద మీటరు 300 దాటి చూపిస్తే ఇంకో రాడ్డు దింపాల్సిందే.

వేసవిలో ఎర్రనేల ఎండిపోయి, నేల గుండా కరెంటు మిషన్‌కు వెనక్కి రాదు కాబట్టి వైర్లన్నిటికీ షాక్ ఇవ్వకండి. నేల నుంచి 8, 18, 30, 44, 60 అంగుళాల్లో ఐదు వరసలు వేసి, 8, 30 అంగుళాలవి ఎర్తింగ్‌కు, మిగతా మూడు మిషన్‌కు కలపండి. దూరబోయి కరెంటు వైరుకూ ఎర్తింగ్ వైరుకూ ఒకేసారి తగలగానే దుప్పి వెనక్కి గెంతుతుంది. అన్నిటికంటే కింది వైరుకు కరెంటు వద్దనడానికి ఇంకో కారణం ఉంది. షాక్ తగిలిన తాబేలు పారిపోదు, డిప్పలోకి ముడుచుకుంటుంది. ఒంటి నిండా పొలుసులుండే అలుగు అనే జంతువు ఆ వైరునే చుట్టుకుంటుంది. సెకనుకో దెబ్బ తింటూ అక్కడే చచ్చిపోతాయి.

ఐదడుగుల కంచెను తరుముకొస్తే దుప్పి దూకేస్తుంది, లేదా గుద్దుకుంటుంది. తరిమేవి ఎక్కువగా ఊరకుక్కలే. పై వైరుకు పది అడుగులకో తెల్ల రిబ్బన్ కట్టండి, చీకట్లోనూ కనిపిస్తుంది. చేపల వల, ముళ్లకంచె అసలొద్దు, కొమ్ములు చిక్కుకుంటాయి.

అమెరికాలో భూమి ఉన్నవాళ్లు లైసెన్సు మీద ఆడజింకలను వేటాడి మంద పెరగకుండా చూస్తారు. మనకు 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం, ఉచ్చు పన్నినా ఎర పెట్టినా వేట కిందికే వస్తుంది. అక్కడివాళ్లను చూసి వైరుకు తీపి పూసి ముక్కు తగిలించే చిట్కా జోలికి పోకండి. ఇక్కడ మందను అదుపులో పెట్టేది చిరుత. మనం చేయగలిగింది దానికీ దుప్పికీ దారి వదలడం. భూమంతా చుట్టేయకుండా పంట మడికే కంచె వేసి, కుంటకు పోయే బాట వదిలేయండి. అడవి వైపు లాంటానా పొదలను వేళ్లతో పీకితే గడ్డి లేస్తుంది, దుప్పికి కావలసింది అదే.

వారానికోసారి వైరు కింద గడ్డి కోయాలి. వానకు పెరిగిన ఒక్కో పోచా కొంత కరెంటు తాగేస్తుంది. రాగి కోత అయ్యాక మిషన్ ఆపి అడవి వైపు గేటు తీసేయండి, మోళ్లలో మేసిపోతాయి. ఆపేశాం కదా అని వైర్లను పట్టించుకోకుండా ఉండొద్దు. కరెంటు లేని వదులు వైరు కొమ్ముకు రెండు చుట్లు పడితే దుప్పి తల ఎత్తలేదు. స్ప్రింగులు బిగించండి, లేదంటే వైర్లు చుట్టి ఇంట్లో పెట్టండి.