వియత్నాం ప్యాకేజీ కొనేవాళ్ళూ, ముందు రాత్రులు లెక్కపెట్టుకోండి

నిన్న పొద్దున్నే దిగాం. బ్యాగు ఇంకా విప్పలేదు. కోపం ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను. నాలుగు రోజులు పోతే "పోనీలే, మొదటిసారి కదా" అని నేనే అనేసుకుంటాను. మాకు ఆ ప్యాకేజీ అమ్మిన పెద్దమనిషికి కావలసింది కూడా అదే.

ఆయనెవరో చాలామందికి చెప్పక్కర్లేదు. ఆఫీసు కూకట్‌పల్లి వైపు. రీల్స్‌లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని "మిమ్మల్ని మా ఇంటి మనుషుల్లా చూసుకుంటాం అన్నా" అంటాడే, ఆయనే. పేరు రాయను. రాయకపోయినా సగం మంది గుర్తుపడతారు.

నేనూ, ఇంటర్ నుంచి నాతో ఉన్న ఫ్రెండూ వెళ్ళాం. ఇద్దరి పాస్‌పోర్టుల మీదా ఇదే మొదటి ముద్ర. సెలవు 5 రోజులే దొరికింది. ఫ్లైట్ టికెట్లు మేమే తీసుకున్నాం. వీసా, హనోయ్‌లో హోటల్, బండ్లు, హాలాంగ్ బేలో బాల్కనీ ఉన్న గదిలో ఒక రాత్రి క్రూజ్, ఇవన్నీ కలిపి మనిషికి 38,500. "4 రాత్రులు, 5 రోజులు" అని వాట్సాప్‌లో పెద్ద అక్షరాల పోస్టర్. డబ్బులు యూపీఐలో ఆయన సొంత నంబరుకే కొట్టాం. బిల్లు అడిగితే "ఇస్తా అన్నా, నేనెక్కడికి పోతాను" అన్నాడు. నిజమే, ఎక్కడికీ పోలేదు. కుర్చీలోనే ఉన్నాడు. వెళ్ళింది మేమే.

వీసా సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మళ్ళీ మర్చిపోతాను. ఒకసారి వెళ్ళొచ్చే ఈ-వీసాకి వియత్నాం ప్రభుత్వ సైట్లో కట్టాల్సింది 25 డాలర్లు. మా లెక్కలో దానికి 5,500 వేశాడని తర్వాత తెలిసింది. ఫొటో, పాస్‌పోర్టు పేజీ అప్‌లోడ్ చేసినందుకు ఆ మిగతా డబ్బు. సరే, అది మా బద్ధకానికి పడిన ఫైన్ అనుకుందాం.

విమానం ఎక్కే ముందు రోజు రాత్రి 11 గంటలకు వోచర్ పీడీఎఫ్ పంపాడు. ఏడు పేజీలు. ఆ టైములో మేం మాగాయ సీసా ఏ బ్యాగులో పెట్టాలా అని కొట్టుకుంటున్నాం. పైన మా పేర్లు సరిగ్గా ఉన్నాయా లేదా చూసి, థంబ్ పెట్టేసి పడుకున్నాను. ఆ బొటనవేలు కోసేసుకోవాలనిపిస్తోంది ఇప్పుడు.

అసలు నవ్వొచ్చేదేంటంటే, వెళ్ళేముందు మేం తీసుకున్న జాగ్రత్తలు అన్నీ ఇన్నీ కావు. వీడియోలు చూసి చూసి వియత్నాంలో ప్రతివాడూ మమ్మల్ని మోసం చేయడానికే కాచుకుని ఉంటాడని ఫిక్సయిపోయాం. హనోయ్‌లోని నోయ్ బాయ్ ఎయిర్‌పోర్టులో టాక్సీ వాళ్ళు పిలుస్తుంటే తలెత్తి చూడలేదు. 45,000 డాంగులు ఇచ్చి 86 నంబరు బస్సెక్కాం. ("ఎయిర్‌పోర్ట్ పికప్ ఉంది అన్నా" అన్న బండి రాలేదు. అప్పుడైనా అనుమానం రావద్దా? రాలేదు.) పర్సు ముందు జేబులో. ఫోను మెడలో తాడుతో. రూపాయికి దాదాపు 300 డాంగులు కాబట్టి ప్రతి రేటునీ వేళ్ళ మీద భాగించడం. ఓల్డ్ క్వార్టర్‌లో అరటికాయ బజ్జీ లాంటిదేదో కొనడానికి కూడా ఇద్దరం కాలిక్యులేటర్లు తీసి నిలబడ్డాం.

ఆ రోజు సాయంత్రమే హొవాన్ కియెమ్ చెరువు గట్టున ఒక ముసలావిడ దగ్గర రెండు నీళ్ళ సీసాలు కొన్నాం, 20,000. మావాడు నోటిచ్చేసి నడిచాడు. యాభై అడుగులు వేశామో లేదో వెనకనుంచి కేకలు. ఆవిడ బండి వదిలేసి చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తుకొస్తోంది. "చూశావా, ఇంకా కావాలంటుంది, ఆగకు" అన్నాను నేను. సిగ్గుగా ఉంది కానీ అన్నమాట అన్నట్టే రాస్తున్నా. సంగతేంటంటే అక్కడ 20,000 నోటూ నీలమే, 5,00,000 నోటూ నీలమే, రెండింటి మీదా వాళ్ళ నాయకుడు హోచిమిన్ బొమ్మే. మావాడు ఇచ్చింది ఐదు లక్షల నోటు. ఆవిడ మా చేతిలో 4,80,000 పెట్టి, నోటు మీద సున్నాలు వేలితో చూపించి, ఏదో తిట్టింది. మా అమ్మమ్మ తిట్టినట్టే ఉంది. మన లెక్కలో 1,600 రూపాయలు. ఆ చెరువు పేరుకి అర్థమే "తిరిగి ఇచ్చిన కత్తి" అట. లే లోయ్ అనే రాజు యుద్ధం గెలిచాక దేవుడి కత్తిని అక్కడి తాబేలుకి తిరిగి ఇచ్చేశాడని కథ. తిరిగి ఇవ్వడం అనే సంగతి మన కూకట్‌పల్లి రాజుగారికి ఎవరైనా చెప్పాలి.

ఇక మూడో రోజు. హాలాంగ్ బే.

పొద్దున హోటల్ ఖాళీ చేసి బ్యాగులతో వ్యాన్ ఎక్కాం. రెండున్నర గంటలు పట్టింది. టువాన్ చావ్ రేవులో దిగగానే మావాడు అన్నాడు, "ఒరేయ్, అందరూ చేతులూపుకుంటూ వచ్చారేంట్రా, మనకొక్కరికే ఎందుకు సూట్‌కేసులు?" నేను పెద్ద తెలిసినవాడిలా "మనది వేరే ప్యాకేజీరా, బాల్కనీది" అన్నాను. ఈ వాక్యం వాడు నా పెళ్ళిలో కూడా గుర్తుచేస్తాడు.

బోటు బాగుంది, అబద్ధం చెప్పను. 1,600కు పైగా దీవులు, నీళ్ళలోంచి నిలువుగా లేచిన సున్నపురాయి కొండలు. 1994లో యునెస్కో జాబితాలో పెట్టారంటే పెట్టరా మరి. సుంగ్ సోట్ గుహ చూపించారు. టిటోవ్ అనే సోవియట్ వ్యోమగామి పేరు పెట్టిన దీవి మీద 400 మెట్లు ఎక్కించారు. మావాడు శాకాహారి. గైడ్ అమ్మాయి "చాయ్, చాయ్?" అని అడుగుతుంటే "ఇప్పుడొద్దు, భోజనం అయ్యాక" అంటాడు వాడు. అక్కడ చాయ్ అంటే శాకాహారం అని తెలిసేసరికి చేపలు వచ్చేశాయి. పాపం ఆ అమ్మాయి మళ్ళీ లోపలికెళ్ళి వాడికోసం టోఫు వండించింది.

నాలుగున్నరకి అందరూ లైఫ్ జాకెట్లు విప్పేస్తున్నారు. నేను గైడ్‌ని అడిగాను, మా గది ఎక్కడ, తాళం ఎప్పుడిస్తారని. ఆ అమ్మాయి నా వోచర్ తీసుకుని చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత నా మొహం వైపు చూసింది. డాక్టర్లు రిపోర్టు చూసి అలా చూస్తారు. మూడో పేజీ, చిన్న అక్షరాలు: డే క్రూజ్, 6 గంటలు. రాత్రి బస సొంత ఏర్పాటు.

రేవు మీద సూట్‌కేసుల పక్కన నిలబడి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం 5, మనకి 3:30. రెండో రింగుకే ఎత్తాడు. "చెప్పు అన్నా, ఎంజాయ్ చేస్తున్నారా?"

చెప్పాను. గొంతు వణుకుతోంది, ఆపుకుంటున్నాను. ఆయన తాపీగా, "అన్నా, వోచర్‌లో క్లియర్‌గా ఉంది కదా. చూసుకోలేదా?" అన్నాడు. పోస్టర్‌లో బాల్కనీ గది బొమ్మ వేశారు కదా అంటే "అది రిఫరెన్స్ ఇమేజ్ అన్నా." మరి 4 రాత్రులు అన్నారు, హోటల్ మూడే ఉన్నాయి కదా, నాలుగోది ఏదీ అంటే, వినండి, ఇది వినండి: "వెళ్ళేటప్పుడు ఫ్లైట్‌లో ఒక రాత్రి పడుకున్నారు కదా అన్నా."

ఆ ఫ్లైట్ టికెట్ నేను కొన్నదండీ! నా డబ్బుతో కొన్న సీట్లో నేను మెడ విరిగేలా కునికిన రాత్రిని కూడా నాకే అమ్మాడు.

అదీ నేను మింగేవాణ్ణేమో. కానీ "ఒక్క నిమిషం అన్నా, మాట్లాడి చెప్తా" అని ఫోన్ పక్కన పెట్టాడు. కట్ చేశాననుకున్నాడు. చేయలేదు. అవతల ఇంకెవరితోనో అంటున్నాడు, "ఈ రేటుకి బాల్కనీ కావాలంట బాబులకి. చదువుకున్నోళ్ళు మళ్ళీ!" ఇద్దరు ముగ్గురు నవ్వారు. గ్లాసు చప్పుడు. టీ తాగుతున్నట్టున్నారు.

స్పీకర్‌లో ఉంది. మావాడూ విన్నాడు. గైడ్ అమ్మాయికి భాష రాదు కానీ నవ్వు అర్థమైంది, తల తిప్పుకుంది. అదే మాట వియత్నామీస్‌లో అని ఉంటే నాకు అర్థమయ్యేది కాదు, ఆ రాత్రి నిద్రయినా పట్టేది. తెలుగువాడు కదా, ఏదైనా అయితే మన భాషలో మాట్లాడొచ్చని ఆయన దగ్గర కొన్నాం. మాట్లాడాడు మరి, శుభ్రంగా మన భాషలోనే.

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆ అమ్మాయే ఎవరికో ఫోన్ చేసి, మమ్మల్ని అదే వ్యాన్‌లో హనోయ్ తీసుకెళ్ళి, 6,00,000 డాంగులకు ఒక గది ఇప్పించింది. అంటే 2,000 రూపాయలు. టిప్ ఇస్తే తీసుకోలేదు. దారంతా మావాడు నాతో మాట్లాడలేదు. చివరికి రాత్రి గదిలో 2,00,000 నోటు తీసి వెనక్కి తిప్పి చూపించాడు. దాని మీద హాలాంగ్ బే రాళ్ళే ఉంటాయి. "రాత్రి పూట ఇలా ఉంటుందట్రా, బాల్కనీలోంచి" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వచ్చాక ఆఫీసుకి మెసేజ్ పెట్టాను, క్రూజ్ తేడా, గది ఖర్చు తిరిగి ఇవ్వమని. జవాబేంటో తెలుసా? "నెక్స్ట్ బాలి ట్రిప్‌లో 2,000 డిస్కౌంట్ ఇస్తాం అన్నా." దానికి నేను రాసింది ఇక్కడ రాయలేను. బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇవాళ కంప్లైంట్ ఇచ్చాను. పోస్టర్, చాటింగ్, యూపీఐ స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. బిల్లు లేదు. అదే ఇప్పుడు టెన్షన్.

మీరు కొనేట్లయితే: ఏ రాత్రి ఏ ఊళ్ళో, ఏ హోటల్లో, ఏ బోటులో ఏ గది అన్నది డబ్బు కట్టే ముందే పేర్లతో రాయించుకోండి. ఆ పేర్లు తీసుకుని బోటువాళ్ళకే ఒక మెయిల్ పెట్టి, మన పేరు మీద బుకింగ్ ఉందా అని అడగండి. సొంత నంబరుకి యూపీఐ కొట్టకండి, కంపెనీ అకౌంటుకే కట్టి బిల్లు తీసుకోండి. వీసా మీరే పెట్టుకోండి, పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం కొట్టండి. ఇంకేదో చెప్పాలనుకున్నాను, గుర్తు రావట్లేదు.

ఆఁ, గుర్తొచ్చింది. ఆ పెద్దమనిషి మావాడి నంబరు ఇంకా బ్లాక్ చేయలేదు. ఇందాకే వాడు స్క్రీన్‌షాట్ పంపాడు. మొదటిరోజు చెరువు గట్టున దిగి, థాంక్స్ అని మేమే ఆయనకు పంపిన ఫొటోని "మా హ్యాపీ కస్టమర్లు" అని స్టేటస్‌లో పెట్టుకున్నాడు. అది చూసి ఎవరూ మోసపోకండి. అందులో పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న నీలం టీషర్టు నేనే.