అయిదేళ్ల వాడకం తర్వాత పైపు చెట్లు: చేపలు చేరాయి, బకెట్ లంగరే నిలవలేదు

పీవీసీ పైపులతో కొమ్మలున్న చెట్టులా చేసి చెరువు అడుగున నిలబెట్టే చేపల గూళ్లను అయిదేళ్లుగా వాడుతున్నాను. వాటి చుట్టూ చేపలు చేరతాయా అన్న సందేహం ఎవరికీ లేదు, చేరతాయి. కొమ్మలు ఎన్ని, పైపు ఎంత అన్నదీ అందరికీ తెలిసిందే. నా కోపమంతా ఒక్క చోటే ఉంది. పైపు కాంక్రీటులోకి దిగే ఆ అరడుగు దగ్గర.

అందరూ చెప్పే పద్ధతి ఇది: 10 లీటర్ల బకెట్ నడుమ 2 అంగుళాల పైపు నిలబెట్టి, ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ల ఇసుక, నాలుగు పాళ్ల కంకర కలిపి నింపడం. చెట్టును అడుగున పట్టి ఉంచే లంగరు ఇదే. గట్టిపడ్డాక పట్టుకుని ఊపితే రవ్వంత కూడా కదలదు. బరువు దాదాపు 24 కిలోలు. నీళ్లలో మునిగాక అందులో 10 కిలోలు తగ్గి 14 కిలోలే మిగులుతుంది కానీ, ఒక్క చెట్టును నిలబెట్టడానికి అది చాలు. కాబట్టి తప్పు బరువుది కాదు.

పీవీసీ నున్నగా ఉంటుంది, కాంక్రీటు దానికి అతుక్కోదు. చుట్టూ బిగిసి పట్టుకుంటుంది, అంతే. పైగా వేడికి పీవీసీ కాంక్రీటు కంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. ఎండలో పోత పోస్తే పైపు ఉబ్బి ఉండగానే కాంక్రీటు గట్టిపడుతుంది. చల్లటి నీళ్లలోకి దించగానే పైపు ముడుచుకుని, చుట్టూ వెంట్రుకంత సందు ఏర్పడుతుంది. ఇక పడవ తాడు తగిలినా, కొమ్మకు చిక్కిన గాలాన్ని పైనుంచి గట్టిగా గుంజినా పైపు కొద్దికొద్దిగా వదులవుతూ ఒకరోజు ఊడి వస్తుంది. పీవీసీ నీటికంటే బరువైనది కాబట్టి పైకి తేలి కనిపించదు, అడుగున బురదలో పడుకుంటుంది. పైన ఏ ఆనవాలూ ఉండదు, ఆ చోట చేపలు తగలడం మానేస్తాయి, అంతే తెలిసేది. కొక్కెం వేసి లంగరును పైకి తీస్తే కాంక్రీటు ఎక్కడా పగలలేదు. నడుమ గుండ్రటి గుంత, లోపలి గోడ గాజులా నున్నగా మెరుస్తూ ఉంది. పైపు మీద రాసిన అక్షరాల ముద్ర కూడా ఆ గోడ మీద పడింది. మూడో ఏడాదికల్లా నా చెట్లలో దాదాపు సగం ఇలాగే పోయాయి.

దీనికి మందు చిన్నదే. పైపు అడుగు కొస నుంచి 5 సెం.మీ. ఎత్తున ఒకటి, 12 సెం.మీ. ఎత్తున ఇంకొకటి, ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా పైపుకు ఆరపార రంధ్రాలు వేయాలి. వాటిలోంచి 15 సెం.మీ. పొడవున్న 8 మి.మీ. ఇనుప చువ్వలు దూర్చాలి. చువ్వ కొసలు బకెట్ గోడకు తగలకుండా కనీసం 2 సెం.మీ. కాంక్రీటు కప్పి ఉండాలి. లేకపోతే చువ్వ తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటునే చీలుస్తుంది. పైపు లోపల కూడా ఆ అరడుగు మేర కాంక్రీటు నింపాలి. పోతను నీడలో పోసి, తడిగోనె కప్పి కనీసం ఏడు రోజులు ఉంచాలి. మర్నాటికి గట్టిగానే కనిపిస్తుంది, ఆ తొందరలో దించేస్తే మోసం. చువ్వలు వేసిన చెట్లలో ఇంతవరకు ఒక్కటీ ఊడలేదు. అయితే వాటి వయసు రెండేళ్లే.

బకెట్ తేలిగ్గా దొరుకుతుంది, ఒక్కరే మోయగలరు అని మొదట్లో నేనూ మెచ్చుకున్నాను. గట్టి నేల మీద ఆ మాట ఇప్పటికీ నిజమే. ఒండ్రు మీద మాత్రం బకెట్ కుంగి కింది కొమ్మలు బురదలో పూడిపోతాయి, వాలు ఉంటే పక్కకు ఒరిగిపోతుంది. అదే 10 లీటర్ల కాంక్రీటును 45 సెం.మీ. చదరంలో 5 సెం.మీ. మందం పలకగా పోస్తే, నేలను ఆనే వైశాల్యం బకెట్ అడుగుకు అయిదింతలవుతుంది. పైపు చుట్టూ చిన్న దిబ్బలా మరో 10 సెం.మీ. ఎత్తు పోయక తప్పదు, లేకపోతే పట్టు చాలదు. దించేటప్పుడు విసరొద్దు. తాడును రెట్టింపుగా మొదలు కొమ్మల కింద పెట్టి దించి, అడుగు తగిలాక ఒక కొస వదిలి రెండోది లాగితే తాడు తిరిగి వచ్చేస్తుంది.

ఇక చేపల సంగతి. చెట్టు దించిన వారంలోనే ఫలితం వస్తుందని అనుకోకండి. ముళ్లకంప వేస్తే చేపలు ముందే చేరతాయి. నున్నటి పైపుకు పాచి పట్టాలి, పాచిని తినే చిన్న జీవులు రావాలి, వాటి వెంట చిన్న చేపలు, ఆ తర్వాతే పెద్దవి. కొమ్మలను ఉప్పుకాగితంతో గరుకు చేస్తే పాచి తొందరగా పడుతుంది. కంప కొన్నేళ్లకు కుళ్లి కూలిపోతుంది, పైపు ఉంటుంది. మరీ లోతున వేస్తే ఎండాకాలంలో అడుగునీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు అక్కడ నిలవవు. మరీ పైన వేస్తే నీరు తగ్గినప్పుడు కొమ్మలు బయటపడి ఎండకు పెళుసై విరుగుతాయి, ఆ ముక్కలు చెరువులోనే కలుస్తాయి. ఇది నాకు అసలు నచ్చని సంగతి. అందుకే నీరు అట్టడుగుకు తగ్గినప్పుడు కూడా చెట్టు తల మీద మనిషెత్తు నీరుండే చోటే ఎంచుకుంటాను. పడవలకూ అదే క్షేమం. చెరువు ఎవరిదో వారి అనుమతి ముందే తీసుకోవాలి.

నేను వేసే చోట నేల మెత్తన, పడవ చిన్నది. పలకను పడవలోకి ఎక్కించడానికి ఇద్దరు కావాలి, ఒక్కణ్ణే వెళ్లే రోజున బకెట్‌తోనే సరిపెట్టుకుంటున్నాను, చువ్వలు వేసి. గట్టి నేల ఉన్నవాళ్లు పలక జోలికి పోనక్కర్లేదు. చువ్వలు మాత్రం ఏ నేలకైనా వేస్తాను.