కోత పండుగ: ఎండాకాలం మేలా, వాన వెలిశాక మేలా?

పంటలో కొంత దేవుని మందిరానికి కానుకగా తెచ్చే కోత పండుగను మే నెలకు మారుద్దామన్న మాట మా క్రైస్తవ సంఘంలో ఈమధ్య గట్టిగా వినబడుతోంది. నేను మాత్రం వానాకాలం పంట చేతికొచ్చే నవంబరు వైపే ఉన్నాను.

మే నెల కోరేవాళ్ల మాటలో బలం ఉంది. బడులకు సెలవులు. హైదరాబాద్‌లో పనిచేసే పిల్లలూ, అత్తగారిళ్ల నుంచి ఆడబిడ్డలూ ఊరికొస్తారు, మందిరం నిండుతుంది. కాకతీయ కాలువ కింద ఊళ్లలో యాసంగి (రెండో పంట) వడ్లు అప్పటికి కల్లం దాటి ఉంటాయి, గింజ గలగలా ఎండి ఉంటుంది. ఎండ 42, 43 డిగ్రీలున్నా ఆరాధన సాయంత్రం పెట్టుకోవచ్చు.

కానీ యాసంగి ఎవరి పంట? కాలువ కిందో బోరు కిందో పొలం ఉన్నవాళ్లది. నీళ్లు లేని చెల్క రైతుకు పత్తే ఆధారం, జూన్‌లో విత్తితే అక్టోబరులో మొదటి ఏరుడు. మే నెలలో ఆయన విత్తనాలకు అప్పు వెతుక్కుంటూ ఉంటాడు. వడ్ల బస్తాలు వరుసగా ముందుకు పోతుంటే ఆ కుటుంబాన్ని ఖాళీ చేతులతో కూర్చోబెట్టడం నాకు మనసొప్పదు.

వానలు వెలిశాక అలా ఉండదు. మక్కలు ఇంటికి చేరి ఉంటాయి, పత్తి చేను తెల్లగా పగులుతుంది, వరి కోతకొస్తుంది. గుంట భూమి లేని కూలి తల్లి కూడా పందిరి మీది సొరకాయనో, పెంచుకున్న కోడినో తెస్తుంది. ఆరాధన అయ్యాక కానుకల వేలంపాటలో ఆ సొరకాయకు అందరూ పాట పెంచుతుంటే ఆమె ముఖం చూడాలి! 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య కాలంలో పేద పల్లె సంఘాలు ఇట్లాగే ధాన్యమూ కోళ్లూ తెచ్చేవి. సంఘం పరాయి డబ్బు మీద కాక తన కాళ్ల మీద నిలబడాలన్నది ఆయన పట్టుదల.

బైబిలు వాక్యం రెండు కాలాలనూ ఒప్పుకుంటుంది. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో ఎండాకాలపు కోతకు వారముల పండుగ ఉంది, కల్లం పని ముగిశాక పర్ణశాలల పండుగ ఉంది. రెండింటిలోనూ దాసుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు కలిసి సంతోషించాలని ఉంది. ఏ కాలం మేలో నేను తూచి చూసేది ఆ మాటతోనే.

నవంబరుకు ఇబ్బందులు లేకపోలేదు. పత్తి ఏరేవాళ్లు దొరకక ఆదివారం కూడా చేన్లోనే ఉండేవాళ్లున్నారు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి దిగేదాకా వడ్ల కుప్ప దగ్గర ఇంటికొకరు కాపలా. అందుకే పండుగ జరిగే ఆ ఒక్క ఆదివారం ఆరాధన సాయంత్రం ఆరుకు పెట్టాలి. నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన ఆదివారాలు మొదలవుతాయి, ఆ వెంటనే క్రిస్మస్ పాటల పని, కాబట్టి పండుగను నవంబరు రెండో ఆదివారం దాటనివ్వకూడదు. మే నెలలో ఇంటికొచ్చే పిల్లల కోసం యాసంగి కృతజ్ఞత కూడిక ఒకటి విడిగా పెడదాం, వేలంపాట లేకుండా.