తెల్ల రంగు అంచు, 108 డాలర్ల చీటీ

కాలిఫోర్నియాలో పద్దెనిమిది రోజులున్నాం. యోసెమిటీ, తాహో, మాంటెరే హాయిగా గడిచాయి, చెప్పడానికేం లేదు. చెప్పాల్సిందల్లా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక హోటల్ ముందు మేం పోగొట్టుకున్న పన్నెండు నిమిషాల గురించే.

హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ అంచుకి నలుపూ తెలుపూ పట్టీలేస్తారు. మంత్రిగారు వస్తున్నారంటే ఇంకో పూత పడుతుంది. పార్కింగ్‌కీ ఆ రంగుకీ లింకుంటుందని మాకెప్పుడూ తట్టలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఫ్రీమాంట్‌లో ఉండే మా తమ్ముడు "అక్కా, ఎర్ర రంగు దగ్గర మాత్రం ఆపకండి" అని చెప్పి పంపాడు. మిగతా రంగుల సంగతి వాడు చెప్పలేదు, మేం అడగలేదు.

ఆ ఊరి ఎత్తుపల్లాలకి అమ్మ మోకాళ్లు పట్టేశాయి. పైగా అర్జెంటుగా బాత్రూమ్‌కి వెళ్లాలి. హోటల్ ముందు తెల్ల అంచు పక్కన ఖాళీ కనిపించింది. మా ఆయన కారాపేశారు. మెట్లెక్కడానికి అమ్మని చెరోవైపు పట్టుకుని ఇద్దరం లోపలికెళ్లాం. తిరిగొచ్చేసరికి వైపర్ కింద కవరు! దాన్ని పెట్టిన పార్కింగ్ ఉద్యోగి ఆటోలాంటి మూడు చక్రాల బండిలో వెళ్లిపోబోతుంటే మా ఆయన పరుగెత్తి ఆపారు. ఆయన దిగకుండానే అంచు మీద సగం చెరిగిన నల్ల అక్షరాలు వేలితో చూపించి కదిలిపోయాడు.

తెలుపంటే మనుషుల్ని దించడానికి, ఎక్కించుకోవడానికి మాత్రమేనట. ఐదు నిమిషాలు, అదీ డ్రైవర్ బండి దగ్గరే ఉండాలి. "మీరు సీట్లో కూర్చుని, ఐదు నిమిషాలయ్యాక ఒక చుట్టు తిరిగొస్తే సరిపోయేదిగా" అనేశాను. రాత్రి భోజనాల దాకా ఆయన నాతో మాట్లాడలేదు. జరిమానా 108 డాలర్లు, అంటే మన తొమ్మిది వేల పైమాటే. "నా మోకాళ్ల నొప్పి ఎంత ఖరీదైపోయింది అల్లుడుగారూ" అని అమ్మ ఒకటే బాధ.

ఆ రాత్రే తమ్ముడి దగ్గర పాఠం పూర్తిగా చెప్పించుకున్నాం. ఎరుపైతే స్టీరింగ్ ముందు కూర్చునున్నా సరే, ఆగకూడదు. పసుపు సామాను దించే బండ్లది, శాన్‌ఫ్రాన్సిస్కోలో మామూలు కారు దాని జోలికి పోకపోవడమే మంచిది. పచ్చ చూసి సిగ్నల్‌లా "ఓకే" అనుకోకండి, పక్క బోర్డు మీద ఎన్ని నిమిషాలుంటే అంతే. నీలం వికలాంగుల పర్మిట్ ఉన్నవాళ్లకి. అమ్మ కుంటుతోంది కదా అంటే వినరు, అక్కడ జరిమానా ఇంకా చాలా ఎక్కువ.

అసలు చిక్కు రంగు లేనిచోట. 2025 నుంచి, మనం వెళ్తున్న వైపు జీబ్రా క్రాసింగ్‌కి 20 అడుగుల లోపు ఆపితే, ఎరుపు పూయకపోయినా తప్పే. అగ్నిమాపక పంపుకి 15 అడుగుల దూరం ఉండాలి. వాలు రోడ్డు మీదైతే చక్రాలు తిప్పి పెట్టాలి: దిగుడులో అంచు వైపు, ఎక్కుడులో బయటికి. ఇన్ని గుర్తుపెట్టుకుని గోల్డెన్ గేట్ ఎప్పుడు చూస్తాం?

మర్నాడు కారు పార్కింగ్ గరాజ్‌లో పెడితే మూడు గంటలకి 22 డాలర్లు గుంజారు. అయినా టెన్షన్ లేదు. నా మాట వింటే కారు ఫ్రీమాంట్‌లోనే వదిలేసి బార్ట్ రైల్లో వెళ్లండి. చీటీ పడితే మాత్రం కవరు పారేయకండి. కట్టడానికైనా, వాదించడానికైనా 21 రోజులే గడువు, అద్దె కారైతే కంపెనీవాళ్లు తమ ఫీజు కూడా తగిలిస్తారు. మేం వాదించలేదు. మా ఆయన ఆన్‌లైన్‌లో కట్టేసి, రసీదు ప్రింట్ తీయించి, తమ్ముడి ఫ్రిజ్ మీద అతికించి వచ్చారు.